మంచుతెప్ప మీద గాలిమర

గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్లు అని మనలో ఒక సామెత వున్నది. గాలికీ దీపానికీ పడదన్న సంగతి అందరికీ తెలిసినదే గావున ఆ సామెతను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కాని 1893లో ఉత్తర ధ్రువ సముద్రంలో మంచులో బిగుసుకుపోయిన ఒక ఓడ మీద ఈ సామెత తలక్రిందులైనది. అక్కడ గాలి వీచినప్పుడే దీపం బాగా వెలిగేది. గాలి పడిపోతే దీపం కొడిగట్టేది.

ఆ ఓడ పేరు 'ఫ్రామ్'. నార్వే దేశస్థుడైన నాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు దానిని కావాలనే మంచులో చిక్కించినాడు. ధ్రువ సముద్రంలోని మంచు ఒకచోట నిలువక, సైబీరియా వైపునుండి గ్రీన్‌లాండు వైపుకు మెల్లగా జరిగిపోతున్నదని ఆయన ఊహ. ఓడను ఆ మంచుకు అప్పగిస్తే అదే మోసుకొనిపోవును గదా! పదముగ్గురు మనుషులు, మూడు సంవత్సరాల ప్రయాణం, ఏటా నెలల తరబడి సూర్యుడు కనిపించని రాత్రి. దీపాలకోసం బొగ్గు తగులబెట్టడానికి వీలులేదు, వున్న బొగ్గు తిరుగు ప్రయాణానికి కావలెను. అందుచేత ఓడ పైభాగాన ఒక గాలిమరను నిలిపి, దానికి డైనమోను తగిలించి, ఆ విద్యుత్తుతో దీపాలు వెలిగించినారు. యాత్ర ముగియకముందే దాని పళ్ళచక్రాలు అరిగిపోయి విప్పివేయవలసి వచ్చిందిగాని, ఆ చీకటిలో దాని వెలుగు వారికి ఎంత ధైర్యమిచ్చినదో నాన్సెన్ దినచర్య చదివినవారికి తెలియును.

గాలితో విద్యుత్తు పుట్టించడం అప్పటికి క్రొత్త విద్యయే. స్కాట్లండులో జేమ్స్ బ్లైత్ అనే ఆచార్యుడు 1887లో తన వేసవి యింటి తోటలో గుడ్డ తెరచాపలు కట్టిన గాలిమరతో బాటరీలు నింపి యింట్లో దీపాలు పెట్టుకొన్నాడు. మిగిలిన విద్యుత్తుతో ఊరి వీధికి దీపాలు పెడతానంటే, అది దయ్యాల పని అని ఊరివారు వద్దన్నారట! మరుసటి ఏడు అమెరికాలోని క్లీవ్‌లండు పట్టణంలో చార్లెస్ బ్రష్ 17 మీటర్ల వ్యాసం, 144 దేవదారు రెక్కలుగల బ్రహ్మాండమైన చక్రాన్ని తన పెరటిలో నిలిపినాడు. అది ఇచ్చిన శక్తి 12 కిలోవాట్లు మాత్రమే. ఈనాడు అంత చక్రం నుండి అనేక రెట్లు రాబట్టవచ్చును. ఈ ముగ్గురూ గాలిని అడిగినది వెలుగు ఒక్కటే. గాలి చేత మాట్లాడించవచ్చునన్న ఆలోచన వారికి రాలేదు, రావడానికి అవకాశమూ లేదు. మార్కోనీ నిస్తంత్రీ ప్రయోగాలు ఇంకా మొదలు కాలేదు.

ఆ లోటు ఎటువంటిదో నాన్సెన్ కథలోనే కనబడుతుంది. 1895 మార్చిలో ఆయన, యొహాన్‌సెన్ అనే తోడుతో, ఓడను విడిచి కుక్కబండ్లపై ధ్రువం వైపు బయలుదేరినాడు. ధ్రువం అందలేదు. తిరిగి వస్తూ ఫ్రాన్జ్ జోసెఫ్ దీవులు చేరి, రాళ్ళతో, వాల్రస్ తోళ్ళతో ఒక గుడిసె కట్టుకొని చలికాలమంతా అందులో గడిపినాడు. ఓడ ఏమైనదో ఆయనకు తెలియదు, ఆయన ఏమైనాడో ఓడలోనివారికి తెలియదు, ఉభయులూ ఏమైనారో లోకానికి తెలియదు. 1896 ఆగస్టు దాకా ఇదే స్థితి. ఓడ మీద డైనమో వుండి కూడా ఒక్క మాట బయటికి పోవడానికి దారి లేకపోయినది.

పాఠకులు ఈ ఫ్రాన్జ్ జోసెఫ్ దీవుల పేరు జ్ఞాపకం వుంచుకోవలెను. మళ్ళీ రెండుసార్లు వస్తుంది.

నిస్తంత్రీ విద్య వచ్చిన క్రొత్తలో దూరానికి వార్త పంపాలంటే పొడుగైన తరంగాలు, వాటికి ఎత్తైన స్తంభాలు, వందలకొలది కిలోవాట్ల యంత్రాలు కావలెనని పెద్దలు నమ్మినారు. 200 మీటర్లకంటె పొట్టివైన తరంగాలు ఎందుకూ పనికిరావని వాటిని ఔత్సాహికులకు వదిలివేసినారు. సరదాకోసం స్వంతంగా రేడియో కట్టుకొని పరస్పరం మాట్లాడుకొనే వారినే ఔత్సాహికులంటారు. 'హామ్‌'లని వారికి ముద్దుపేరు. పనికిరాదని పారవేసిన పొలంలో వారికి నిధి దొరికినది. 1923 నవంబరులో ఒక ఫ్రెంచి ఔత్సాహికుడు, ఒక అమెరికను ఔత్సాహికుడు సుమారు 110 మీటర్ల తరంగంపై అట్లాంటిక్ సముద్రానికి అటూ ఇటూ సంభాషించినారు. మరుసటి ఏడు అక్టోబరు 18వ తేదీన లండను దగ్గరి మిల్ హిల్ పాఠశాలలోని సెసిల్ గోయ్‌డర్ అనే విద్యార్థి న్యూజీలండులో ఒక గొర్రెల క్షేత్రంలోని ఫ్రాంక్ బెల్ తో మాట్లాడినాడు. అనగా భూగోళానికి దాదాపు ఆవలి పక్కతో! పాఠశాల విద్యార్థి చేసిన ఈ పని చూసి పెద్దపెద్ద కంపెనీలు ముక్కున వేలు వేసుకొన్నవి. ఈ గోయ్‌డరే తరువాత 1936లో మన దేశం వచ్చి ఆలిండియా రేడియోకు ప్రధాన ఇంజనీరైనాడు. మదరాసు కేంద్రం నుండి 1938లో తెలుగు మాట వినబడినప్పుడు దాని వెనుకనున్న యంత్ర నిర్మాణం ఆయన పర్యవేక్షణలోనిదే.

ఇంత దూరం ఎట్లా పోయినవి? భూమికి వంద కిలోమీటర్లు మొదలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున, సూర్యకిరణాల తాకిడికి గాలి అణువులు విద్యుదావేశం పొంది ఒక పొరగా వున్నవి. దీనిని అయనమండలం అంటారు. హ్రస్వ తరంగాలు, అనగా షార్టువేవులు, దానికి తగిలి క్రిందికి వంగి, నేలకు తగిలి మళ్ళీ పైకి లేచి, చెరువు మీద విసిరిన పెంకు వలె గంతులు వేస్తూ పోతవి. ఇందులో ఒక చిత్రమున్నది. మొదటి గంతు క్రింద వున్నవారికి ఏమీ వినబడదు. వంద కిలోమీటర్లలో వున్న స్నేహితునికి అందని మాట వేయి కిలోమీటర్ల అవతలివానికి గంట కొట్టినట్లు వినబడవచ్చును.

ఈ చిత్రం వలననే 1928లో కొందరి ప్రాణాలు నిలిచినవి. ఆ మే 25న ఇటలీ దేశపు 'ఇటాలియా' అనే వాయునౌక ధ్రువం నుండి తిరిగివస్తూ మంచుమీద కూలినది. బ్రతికినవారి దగ్గర ఒక చిన్న హ్రస్వ తరంగ ప్రసారిణి, రోజురోజుకూ తరిగిపోయే బాటరీలు మాత్రం వున్నవి. రేడియో మనిషి బియాజి పిలుస్తూనే వున్నాడు. స్పిట్జ్‌బెర్గెన్ తీరాన వున్న వారి సహాయ నౌకకు ఆ పిలుపు అందలేదు. దూరం మరీ తక్కువ కావడం దీనికి ఒక కారణమంటారు. నౌకలోనివారి అశ్రద్ధ కూడా కొంత వున్నదని ఆనాడే విమర్శలు వచ్చినవి. జూన్ 3వ తేదీన దానిని విన్నవాడు రష్యాలో వోజ్నెసెన్యె-వోఖ్మా అనే మారుమూల పల్లెలోని నికొలాయ్ ష్మిత్ అనే యువకుడు. వాని చెవికి తగిలించుకొన్న గ్రాహకం స్వయంగా కట్టుకొన్నది. ఆ వార్త మాస్కోకు, అక్కడినుండి రోముకు పోయి, జూలై 12న 'క్రాసిన్' అనే మంచుకోత ఓడ వచ్చి మిగిలినవారిని ఎక్కించుకొన్నది. ఇంత మేలు చేసిన ష్మిత్‌ను 1942లో అతని ప్రభుత్వమే అన్యాయంగా కాల్చి చంపినది. 1984లో నిర్దోషి అని ప్రకటించినది.

ఇక మన కథానాయకుని దగ్గరకు వద్దాము. ఎర్న్‌స్ట్ క్రెంకెల్ 1903లో పుట్టిన రష్యా దేశపు రేడియో ఆపరేటరు. ఉద్యోగానికి ఆర్కిటిక్ కేంద్రాలలో పనిచేసినాడుగాని స్వభావానికి పూర్తిగా హామ్. 1930 జనవరి 12న ఆయన ఫ్రాన్జ్ జోసెఫ్ దీవులలో, హుకర్ ద్వీపంలోని కేంద్రంలో వున్నాడు. నాన్సెన్ గుడిసెలో మూగగా గడిపిన దీవులే ఇవి. చీకటి రాత్రి, హ్రస్వ తరంగాలపై ఎవరైనా పలుకుతారేమోనని పిలిచినాడు. ఒక కేంద్రం బదులు పలికినది. మీరెక్కడ అంటే మీరెక్కడ అనుకొన్నారు. బదులు పలికినది దక్షిణ ధ్రువ ఖండం అంచున అమెరికా వాడైన బైర్డ్ దండు విడిసిన 'లిటిల్ అమెరికా'! మధ్య దూరం సుమారు 20,000 కిలోమీటర్లు. భూగోళం మీద ఇంతకంటె మరీ ఎక్కువ దూరం వుండదు గావున ఈ రికార్డును భూమిమీద పెద్దగా మించడం ఎవరివల్లా కాదు.

1934 ఫిబ్రవరి 13న 'చెల్యూస్కిన్' అనే ఓడ మంచు నొక్కుడుకు మునిగిపోయి 104 మంది మంచుమీద పడినప్పుడు కూడా క్రెంకెల్ వారిలో వున్నాడు. ఏప్రిల్ 13న ఆఖరివాడిని విమానం ఎక్కించేదాకా బాహ్యలోకంతో వారికి వున్న బంధం ఆయన గుడారంలోని రేడియో, దాని బాటరీలు. ఎంతసేపు మాట్లాడవచ్చునన్నది బాటరీ నిర్ణయించేది. మునిగిన ఆ ఓడ పిలుపుగుర్తు ఆర్.ఎ.ఇ.ఎం. దానిని తరువాత క్రెంకెల్‌కు స్వంత గుర్తుగా ఇచ్చినారు. ఆయన జీవితాంతం అదే పేరుతో ఔత్సాహికులతో మాట్లాడినాడు.

బాటరీ వుంటే రేడియో వున్నది. ధ్రువంలో బాటరీని నింపేవారెవరు? ఇక్కడ గాలిమర మళ్ళీ రంగంలోకి వస్తుంది. విద్యార్థులకు కొంచెం లెక్క చెప్పవలెను.

రెండు మీటర్ల వ్యాసంగల చక్రం తీసుకొందాము. దాని గుండా పోయే గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో పోతే అందులో వున్న శక్తి సుమారు 120 వాట్లు. వేగం రెట్టింపై 8 మీటర్లయితే శక్తి రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు: దాదాపు 980 వాట్లు. ఎందుచేతనంటే వేగం రెట్టింపైతే ప్రతి ఘనమీటరు గాలిలోని గమనశక్తి నాలుగు రెట్లగును, పైగా సెకనులో వచ్చే గాలి రెండు రెట్లగును. ఈ శక్తి అంతా చక్రానికి దక్కదు. గాలిని పూర్తిగా ఆపితే వెనుకనుండి వచ్చే గాలికి దారి వుండదు గదా! నూటికి 59 పాళ్ళకు మించి రాబట్టలేమని జర్మను శాస్త్రజ్ఞుడు బెట్జ్ లెక్క తేల్చినాడు. చిన్న చక్రాలు ఇచ్చేది నూటికి పాతిక, ముప్పది మాత్రమే. ధ్రువంలో ఒక లాభమున్నది. చలికి గాలి చిక్కబడుతుంది. మన విజయవాడలో 35 డిగ్రీల ఎండలో వీచే గాలికంటె సున్నాకు 30 డిగ్రీలు దిగువన వీచే గాలి దాదాపు నాలుగో వంతు బరువెక్కువ. వేగం ఒక్కటే అయినా చక్రానికి ఆ మేరకు బలం ఎక్కువ అందును.

లాభం ఒకటైతే నష్టాలు రెండు. చలిలో బాటరీ మొద్దుబారి పోతుంది. మోటారుకారులలో వుండే సీసపు బాటరీని సున్నాకు 20 డిగ్రీలు దిగువకు దింపితే అది ఇవ్వగలిగినదానిలో సగం మాత్రమే ఇచ్చును. అంతకంటె పెద్ద ప్రమాదం వేరే వున్నది. బాటరీ నిండుగా వున్నప్పుడు అందులోని ఆమ్లం చిక్కగా వుండి సున్నాకు 60 డిగ్రీలు దిగువన కూడా గడ్డకట్టదు. ఖాళీ అయినప్పుడు ఆమ్లం పలుచబడి దాదాపు నీటితో సమానమై, సున్నాకు పది పన్నెండు డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. ఆకలిగొన్న మనిషికే చలి ఎక్కువ అన్నట్లు, ఖాళీ బాటరీకే చలి భయం. గాలిమర బాటరీని నింపడమే గాక చావకుండా కాపాడుతున్నదన్నమాట.

సైకిలుకు డైనమో దీపం వున్నవారు తొక్కడం ఆపితే దీపం ఆరడం చూచియుందురు. గాలిమరతో ఇంకొక చిక్కు. గాలి తగ్గి డైనమో నెమ్మదించినప్పుడు బాటరీ విద్యుత్తు వెనుకకు పారి డైనమోనే మోటారుగా త్రిప్పును. ఇచ్చిన చేతితోనే పుచ్చుకొనే బేరం! దీనిని ఆపడానికి ఒక చిన్న విద్యుదయస్కాంతపు తలుపు, దానిని కటౌటు అంటారు, మధ్యలో పెట్టినారు. డైనమో బలం బాటరీని మించినప్పుడే అది మూసుకొని విద్యుత్తును పోనిచ్చును. ఈ రోజులలో ఆ పనిని డయోడు చేస్తుంది. తుపానులో రెక్కలు విరగకుండా చక్రాన్ని గాలికి పక్కగా త్రిప్పే ఏర్పాటు వేరే.

1930 ప్రాంతాల అమెరికా పల్లెలలో ఇటువంటి చిన్న గాలిమరలు వేలకొలది లేచినవి. కరెంటు తీగలు లేని పొలాలలో రేడియో వినడానికి ఆరు వోల్టుల బాటరీ కావలసివచ్చేది, దానిని నింపుకోవడానికి పట్నానికి మోసుకుపోవలసివచ్చేది. అయోవా రాష్ట్రపు రైతు సోదరులిద్దరు మొదలుపెట్టిన 'విన్‌చార్జరు' చక్రాన్ని 1935 నుండి జెనిత్ రేడియో కంపెనీ తన రేడియోలతో జతచేసి చవకగా అమ్మినది. 1936లో పల్లె విద్యుదీకరణ చట్టం రావడంతో తీగలు వచ్చినవి, చక్రాలు తుప్పు పట్టినవి. ఆ కథ అంతే.

1937 మే 21వ తేదీకి వత్తాము. ఆ రోజు వొదొప్యానొవ్ నడిపిన నాలుగు ఇంజన్ల విమానం, ఫ్రాన్జ్ జోసెఫ్ దీవులలో కొసనున్న రుడొల్ఫ్ ద్వీపం నుండి లేచి, ఉత్తర ధ్రువానికి 20 కిలోమీటర్ల అవతల ఒక మంచుతెప్ప మీద దిగినది. మూడు మీటర్ల మందం, కొన్ని కిలోమీటర్ల పొడవు వెడల్పులుగల తెప్ప అది. అందులో దిగినవారిలో నలుగురు అక్కడే వుండిపోవడానికి వచ్చినారు: నాయకుడు పపానిన్, సముద్ర శాస్త్రజ్ఞుడు షిర్షొవ్, వాతావరణ శాస్త్రజ్ఞుడు ఫ్యొదొరొవ్, రేడియోకు క్రెంకెల్. నాన్సెన్ ఓడతో చేసిన పనిని వీరు ఓడ కూడా లేకుండా చేయదలచినారు.

మొదటి రోజే భయం పుట్టినది. దిగబోయే సమయంలో విమానపు రేడియోకు విద్యుత్తునందించే యంత్రం కాలిపోయి, దిగుతున్నామన్న మాట పూర్తి కాకుండానే గొంతు మూగపోయినది. రుడొల్ఫ్ ద్వీపంలో చెవులు రిక్కించి కూర్చున్నవారికి నిశ్శబ్దమే మిగిలినది. విమానం కూలినదో, మంచు పగిలి మునిగినదో! తెప్పమీద క్రెంకెల్ తన పెట్టెలు విప్పి, స్తంభాలు పాతి ఏరియల్ కట్టి, చలికి నీరసించిన బాటరీలను నింపి చూచేసరికి గంటలకు గంటలు గడిచిపోయినవి. ఆ రాత్రికి గాని ద్వీపంలోనివారికి మాట అందలేదు. అంత పెద్ద యాత్రలో అందరి గుండెలూ ఆగినంత పని చేసినది ఒక చిన్న రాగి తీగ చుట్ట.

జూన్ 6న విమానాలు వెళ్ళిపోయినవి. నలుగురు మనుషులు, ఒక కుక్క మిగిలినారు. వారి రేడియో ఈ పనికై లెనిన్‌గ్రాడులో ప్రత్యేకంగా కట్టినది. ప్రధాన ప్రసారిణి 80 వాట్లది, ఆపదకు దాచుకొన్నది 20 వాట్లది. మన గదిలో దీపం తాగేపాటి శక్తి! పిలుపుగుర్తు యు.పి.ఓ.ఎల్. గుడారం పక్కన సన్నని స్తంభం మీద గాలిమర. విమానంలో మోసుకొనిరావలసిన వస్తువులు గావున ప్రతి కిలో తూచి తెచ్చుకొన్నారు. ఇంధనం పీపాలు తేవడంకంటె, దానంతట అదే వచ్చే గాలిని నమ్ముకోవడం మేలనుకొన్నారు. వంటకూ వెచ్చదనానికీ కిరసనాయిలు ఖర్చయినా, రేడియో ఖర్చు మాత్రం గాలి పద్దులో వ్రాసినారనవచ్చును.

రోజుకు నాలుగు మార్లు వాతావరణ వార్త పంపడం క్రెంకెల్ విధి. ఫ్యొదొరొవ్ గాలి వేగం, ఒత్తిడి, చలి కొలిచి చీటీ ఇచ్చును. క్రెంకెల్ దానిని మోర్స్ సంకేతాలలో రుడొల్ఫ్ ద్వీపానికి కొట్టును. నోటిమాటకు బదులు మోర్స్ ఎందుకంటే, మీట నొక్కినప్పుడు మాత్రమే ప్రసారిణి బాటరీని తాగును. పైగా ఆ టకటక శబ్దం ఎంత సన్నగా వున్నా రొదలో గుర్తుపట్టవచ్చును. నోటిమాట అంత బలహీనమైతే అర్థం కాదు. వినడానికి శక్తి స్వల్పంగా చాలును, చెప్పడానికి ఎక్కువ కావలెను. మితభాషి కావడం అక్కడ గుణం కాదు, అవసరం.

గాలి ఆగిన రోజులు కూడా వుండేవి. తుపానులను తప్ప మరి దేనినీ తలచుకొని ధ్రువానికి భయపడని మనకు, అక్కడ నిశ్చలంగా వున్న రోజు భయపెట్టునని తోచదు. చక్రం నిలిచిపోయినప్పుడు సైన్యంలో సిపాయిలు చేతితో త్రిప్పే డైనమో ఒకటి బయటికి తీసేవారు. నాయకుడూ శాస్త్రజ్ఞులూ అన్న భేదం లేక వంతులవారీగా త్రిప్పవలెను. త్రిప్పేవాని చెమట ఎంత అయితే క్రెంకెల్ వార్త అంత. ఒక మనిషి విడువకుండా త్రిప్పి ఇవ్వగల శక్తి డెబ్బది, ఎనభై వాట్లు. అదీ కాసేపు. రెండు మీటర్ల చక్రం ఓ మోస్తరు గాలిలో నలుగురు మనుషుల పని చేస్తుందన్న సత్యం వారికి భుజాలతో తెలిసినది.

ఆ వార్తల విలువ ఎంతో ఆ వేసవిలోనే తేలినది. జూన్ 18న చ్కాలొవ్, అతని తోడు ఇద్దరు ఒకే ఇంజను విమానంలో మాస్కో నుండి బయలుదేరి ధ్రువం మీదుగా 63 గంటలలో అమెరికా వెళ్ళినారు. తెప్పమీది వారికి ఇంజను చప్పుడు వినబడినదేగాని మేఘాల చాటున విమానం కనబడలేదు. జూలైలో గ్రొమొవ్ అదే దారిని వెళ్ళి కాలిఫోర్నియాలో దిగినాడు. ధ్రువం మీద వాతావరణం ఎట్లా వున్నదో చెప్పేవారు అంతకుముందు మానవ చరిత్రలో లేరు. ఆగస్టు 12న బయలుదేరిన లెవానెవ్‌స్కీకి మాత్రం అదృష్టం లేకపోయినది. ధ్రువం దాటిన తరువాత ఒక ఇంజను చెడినదన్న వార్త వచ్చినది. ఆపైన ఏమీ లేదు. క్రెంకెల్ రోజుల తరబడి ఆ తరంగం మీద చెవి వొగ్గి కూర్చున్నాడు. ఆరుగురి జాడ ఈనాటికీ తెలియలేదు.

విధులు ముగిసిన వేళ బాటరీలో కొంచెం మిగిలితే క్రెంకెల్ ఔత్సాహికులను పిలిచేవాడు. యు.పి.ఓ.ఎల్. అన్న గుర్తు విని లోకంలో ఎక్కడెక్కడి హామ్‌లో ఎగిరి గంతులు వేసినారు. ఇది వట్టి కాలక్షేపం కాదు. ఏ వేళ ఏ తరంగం ఎంత దూరం పోతున్నదో, అనగా ధ్రువం మీద అయనమండలం ఎట్లా వున్నదో, ఈ పిలుపుల వలన ఉభయులకూ తెలిసేది.

తెప్ప దక్షిణానికి జరుగుతూనే వున్నది. షిర్షొవ్ చేతిమరతో తీగ దింపి ధ్రువం దగ్గర సముద్రం 4,290 మీటర్ల లోతున్నదని కొలిచినాడు. శీతకాలం వచ్చేసరికి గ్రీన్‌లాండు తూర్పు తీరం వెంట ప్రవాహం వేగం పెరిగినది, తెప్ప అంచులు విరగసాగినవి. 1938 జనవరి ఆఖరున ఆరు రోజులు విడువని తుపాను. ఫిబ్రవరి 1న తెప్ప బ్రద్దలై, వారికి మిగిలినది 300 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పుగల ముక్క. తుపాను చేతికి తెప్పను పగులగొట్టే బలముంటే బాటరీలు నింపే బలం కూడా వున్నది! ఆ పగిలిన ముక్కమీద నుండి క్రెంకెల్ తమ అక్షాంశ రేఖాంశాలను చెబుతూనే వున్నాడు. అవి తెలియకపోతే నల్లని చలికాలపు సముద్రంలో వేల మంచుముక్కల మధ్య నలుగురు మనుషులను ఏ ఓడ వెదకగలదు?

ఫిబ్రవరి 19న 'తైమిర్', 'ముర్మన్' అనే రెండు ఓడలు మంచు అంచుకు చేరి, నావికులు కాలినడకన వచ్చి వారిని కలుసుకొన్నారు. 274 రోజులలో వారి తెప్ప రెండువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసినది. క్రెంకెల్ ఆఖరి వార్తలో 70 డిగ్రీల 54 నిమిషాల ఉత్తర అక్షాంశం, 19 డిగ్రీల 48 నిమిషాల పశ్చిమ రేఖాంశం వద్ద కేంద్రం పని ముగించినదని అందరికీ చాటి మీట వదిలినాడు. నాన్సెన్ యాత్రలో లోకానికి మూడేళ్ళ నిశ్శబ్దం. ఈ యాత్రలో రోజుకు నాలుగు పలుకులు.

రోజూ ఒకే వేళకు, ఒకే తరంగం మీద, తెలిసిన చోటునుండి వచ్చే పిలుపును రేడియోవారు దీపస్తంభంతో పోల్చి 'బీకన్' అంటారు. 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో ఔత్సాహికులు కావాలనే ఇటువంటి బీకన్లను నిలిపి అయనమండలాన్ని పరిశీలించినారు. జపాను బీకన్ ఒకదాని గుర్తులో ఆ సంవత్సరపు పొడి అక్షరాలు 'ఐ.జి.వై.' ఇప్పటికీ వున్నవి. 1979లో ఉత్తర కాలిఫోర్నియా ఔత్సాహికులు ఒక బీకన్‌తో మొదలుపెట్టిన ఏర్పాటు పెరిగి 18 చోట్లకు వ్యాపించినది. మనకు దగ్గరది కొలంబోలో వున్నది. ఇవి వంతులవారీగా పది పది సెకండ్లు పలికి మూడు నిమిషాలకు ఒక చుట్టు పూర్తి చేయును.

గాలితో నడిచే బీకన్‌ను స్వయంగా కట్టదలచిన ఔత్సాహికునికి ఈనాడు క్రెంకెల్ పడ్డ పాట్లు లేవు. ఒక వాటు ప్రసారిణికి బాటరీనుండి మూడు వాట్లు చాలును. రోజుకు 72 వాటు-గంటలు. 12 వోల్టుల బాటరీలో ఆరు ఆంపియరు-గంటలు. వారం రోజులు గాలి ఆడకపోయినా 42 ఆంపియరు-గంటలతో గడిచిపోవును. అయితే బాటరీని అడుగంటా వాడితే దాని ఆయుస్సు క్షీణించును గావున అంతకు రెట్టింపు పెట్టడం మంచిది. చక్రం ఒక మీటరు వ్యాసమైనా సరిపోవును. మన దేశంలో ప్రసారిణిని మ్రోగించడానికి ముందు పరీక్ష వ్రాసి ప్రభుత్వ లైసెన్సు పొందవలెను. విడువకుండా పలికే బీకన్‌కు అనుమతి సంగతి వేరే విచారించుకోవలెను. వినడానికే మొదలుపెట్టదలచిన ఉపాధ్యాయులు ఒక హ్రస్వ తరంగ గ్రాహకాన్ని, మోర్స్ వినడానికి తగినదానిని, 14.1 మెగాహెర్ట్జ్ దగ్గర వుంచి సాయంకాలం పిల్లలను చుట్టూ కూర్చోబెట్టవచ్చును.

ఆ 18 బీకన్లలో ప్రతిదీ ముందు తన పేరు చెప్పి, తరువాత నాలుగు గీతలు కొట్టును. మొదటి గీత 100 వాట్లు, రెండవది 10 వాట్లు, మూడవది ఒక వాటు. నాలుగవది వాటులో పదవ వంతు, అనగా చేతి టార్చి బల్బు తాగే శక్తికంటె తక్కువ. అయనమండలం అనుకూలించిన సాయంకాలం ఆ నాలుగవ గీత కూడా సముద్రాల అవతల వినబడుతుంది.